కొర్రమీనుకు పోయినేటి మామిడి

ఖమ్మంలో బస్సెక్కేటప్పుడు నా బ్యాగులో ల్యాప్‌టాప్, చార్జర్, వాటి మీద పాత పేపర్లో చుట్టిన రెండు కిలోల మామిడికాయలు. బంగినపల్లివి, దోరవి. మరీ పచ్చివైతే సాస్ పుల్లగా కొడుతుంది, మరీ పండితే జ్యూస్ అయిపోతుంది. ఒక్కోటీ నొక్కి నొక్కి ఏరుతుంటే బండి ఆయన నవ్వి, "ఏందన్నా, పెళ్ళిచూపులా?" అన్నాడు.

అంత ఏరి తీసుకెళ్ళిన కాయల్లో ఒక్కటి కూడా ఆ రోజు కోయలేదు.

అసలు సంగతేంటంటే, నేను బాగా చేయగలిగిన వంట ఒక్కటే ఒక్కటి ఉంది. చేప ముక్కకి మసాలా పట్టించి, పెనం మీద పైన కరకరలాడేలా కాల్చి, పక్కన మామిడి సాస్ పోసి పెట్టడం. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్‌లో ఇరుక్కుపోయినప్పుడు యూట్యూబ్ చూసి నేర్చుకున్నా. మొదటి నాలుగుసార్లు చేప పెనానికి అతుక్కుపోయి, గీకి తినాల్సి వచ్చింది. ఐదోసారి వచ్చింది. అప్పటి నుంచి ఎవరింటికెళ్ళినా అదే చేస్తున్నా. పోయిన నెల దాన్ని రీల్ తీసి పెడితే, ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ చూసి మెసేజ్ పెట్టాడు. "మా చేప, మా పొయ్యి. వచ్చి చేసి పెట్టరా చూద్దాం. నాయనమ్మ కూడా తింటుంది."

మావాడిది భద్రాచలం అవతల, దుమ్ముగూడెం రోడ్డు మీద, గోదావరికి దగ్గర్లో ఒక కోయ ఊరు. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, తర్వాత ఆరేళ్ళు ఫోన్లలో ఉన్నాం. ఇన్నేళ్ళలో నేను వాళ్ళింటికి వెళ్ళింది లేదు. "వస్తారా, వస్తా" అనడమే తప్ప. ఈసారి మా ఇంట్లో వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఖమ్మంలోనే ఉన్నా కాబట్టి, శనివారం పొద్దున్నే బయల్దేరా.

ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొత్తగూడెం వరకు బొగ్గు లారీల వెనకే. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. ఏప్రిల్ కదా, చెట్లు చాలావరకు మోడులే. ఇప్పచెట్ల కింద మాత్రం పొద్దున్నే వచ్చి పువ్వు ఏరుకునేవాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు. సారపాక దాటి బ్రిడ్జి ఎక్కితే కింద గోదావరి. ఎండాకాలం గోదావరిని చూస్తే, ఇదేనా జులైలో టీవీల్లో చూసేది అనిపిస్తుంది. ఇసుక మేటల మధ్య సన్నటి పాయలు, అందులో మోకాళ్ళ లోతులో నిలబడి వల విసిరేవాళ్ళు.

బస్టాండ్‌లో మావాడు బైక్ వేసుకుని రెడీగా ఉన్నాడు. బండికి తడి గోనెసంచి ఒకటి వేలాడుతోంది. అది కదులుతోంది!

"కొర్రమీను. పొద్దున్నే కొన్నా" అన్నాడు.

కొర్రమీను గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. మిగతా చేపల్లా ఇది నీళ్ళలోంచి తీయగానే చచ్చిపోదు. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు దానికి ఉంది. ఒంటికి తడి తగులుతూ ఉంటే గంటల తరబడి బతుకుతుంది. అందుకే బజార్లో ప్రాణంతోనే అమ్ముతారు. ముళ్ళు తక్కువ, కండ గట్టి. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. పెనం మీద కాల్చడానికి దీన్ని మించింది మన దగ్గర లేదని నా అభిప్రాయం. బొచ్చె రుచే కానీ సన్న ముళ్ళు ఎక్కువ, తిప్పేటప్పుడు విరిగిపోతుంది.

వాళ్ళిల్లు సగం సిమెంటు, సగం పెంకులు. లోపల గోడ మీద నా తలకన్నా పైన ఒక మట్టి గీత. "2022" అన్నాడు మావాడు, నేను అడగకముందే. ఆ జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు. అంతకన్నా ఎక్కువ వచ్చింది 1986లో, 75.6 అడుగులు. వాళ్ళ నాయనమ్మకి రెండూ గుర్తే. నాకు గుర్తున్నది ఏంటంటే, ఆ వారం నేను హైదరాబాద్‌లో ఫోన్లో వరద వీడియోలు చూస్తూ వీడికి ఫోన్‌పేలో ఐదు వేలు కొట్టి, "జాగ్రత్త రా" అని మెసేజ్ పెట్టి, స్టాండప్ కాల్‌కి వెళ్ళిపోయా.

మంచినీళ్ళు తాగి, కాస్త కూర్చున్నాక, ఉత్సాహంగా బ్యాగ్ తీసి మామిడికాయలు బయట పెట్టా. పేపర్ విప్పగానే ఇల్లంతా వాసన. పక్కింటి పిల్లలిద్దరు గడప దాకా వచ్చి ఆగిపోయారు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు కానీ, వెళ్ళి ఒక చేట తెచ్చి ఆ కాయల మీద బోర్లించింది. నాయనమ్మ అటు చూసి, ఏదో చూడకూడనిది చూసినట్టు మొహం తిప్పేసుకుంది.

నాకేం అర్థం కాలేదు. కుళ్ళినవి తెచ్చానా అనుకున్నా.

మావాడు నా భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చాడు. "ఒరేయ్, మాకింకా పండుగ కాలేదురా."

అప్పుడు చెప్పాడు. కోయవాళ్ళకి మామిడి పండుగ అని ఒకటి ఉంటుంది. వాళ్ళ భాషలో మార్క అంటే మామిడి, పండుమ్ అంటే పండుగ, కలిపి మార్క పండుమ్. కొత్త కాయను ముందు ఊరి దేవతకి, పెద్దలకి పెట్టాలి. అంటే చనిపోయిన పెద్దలకి. ఆ తర్వాతే ఊళ్ళో వాళ్ళు తినాలి. తేదీ క్యాలెండర్లో ఉండదు, ఏ ఊరికి ఆ ఊరి పెద్దలు, పూజారి కూర్చుని పెట్టుకుంటారు. ఒక్క మామిడికే కాదు, చిక్కుడు లాంటి వాటికీ కొత్త పంట రాగానే ఇలాగే పండుగ చేస్తారు. పండుగ కాకుండా తింటే తప్పు.

నాలోని ఇంజినీర్ ఊరుకోడు కదా. "ఇవి మీ చెట్టు కాయలు కాదురా. ఖమ్మంలో కొన్నవి. డబ్బులిచ్చి కొన్నదానికి కూడా రూల్ వర్తిస్తుందా?"

"నీ లాజిక్ కరెక్టే. వెళ్ళి నాయనమ్మకి చెప్పు."

"నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు మార్చిలోనే మ్యాంగో జ్యూస్ తాగేవాడివి. నేనే తాగించా."

"తాగా. ఇక్కడ తాగను." అంతే. దానికి వివరణ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వాలని కూడా అనుకున్నట్టు లేదు.

ఇంతలో నాయనమ్మే బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. నేను తప్పు చేసినవాడిలా నిలబడితే, "నువ్వేం ఎరుగుదువు బిడ్డా, కూర్చో" అంది. తర్వాత మామిడి గురించి మాట్లాడుతూనే ఉంది. ఆమె చిన్నప్పుడు వానాకాలం బియ్యం, జొన్నలు అయిపోతే మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడి తీసేవాళ్ళట. అది చేదు, వగరు. దాన్ని ముక్కలు చేసి నీళ్ళలో నానేసి, ఉడికించి, చేదు పోయేదాకా మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాసుకునేవాళ్ళు. మనం చీకి డస్ట్‌బిన్‌లో వేసే టెంకతో ఒక ఊరు రెండు నెలలు గడిపేదన్నమాట.

నాకు వెంటనే ఒక థియరీ తట్టింది. కాయ పిందెగా ఉన్నప్పుడే కోసేస్తే లోపల జీడి ఉండదు. పండుగ దాకా ఆగితే కాయ ముదురుతుంది, టెంక కడుతుంది, పండూ దక్కుతుంది, టెంకా దక్కుతుంది. పైగా ఎవడో ఒకడు ముందే వెళ్ళి చెట్టు దులిపేసుకోకుండా ఊరంతా ఒకే రోజు మొదలుపెడుతుంది. ఇది వాళ్ళెవరూ నాకు చెప్పింది కాదు, నా ఊహ. మావాడికి చెబితే, "నీకు అన్నిటికీ ఒక కారణం ఉండాలి కదరా. నాయనమ్మకి పండుగ ఉంటే చాలు" అన్నాడు.

సరే, పండు లేదు. చేప మాత్రం తొట్టిలో తోకాడిస్తోంది. ఇప్పుడు సాస్ దేంతో చెయ్యాలి? వాళ్ళమ్మ చింతపండు తెచ్చింది. చింతపండు కూడా పండే కదా, కాదనడానికి లేదు. కానీ చింతపండు పోస్తే అది పులుసైపోతుంది, ఖమ్మం నుంచి నేను రావడం దేనికి? మావాడు టమాటా చూపించి, "ఇది కూడా సైన్స్ ప్రకారం పండేరా" అని ఏడిపించాడు.

నాయనమ్మ లోపలికెళ్ళింది. అటక మీద మట్టికుండ దించమని మనవడికి చెప్పింది. కుండలోంచి ఒక గుడ్డ మూట తీసి నా ముందు విప్పింది. గోధుమ రంగులో, చెక్క ముక్కల్లా ఎండిపోయిన మామిడి ఒరుగులు.

"ఇవి పోయినేటివి. వీటి పండుగ అయిపోయింది" అంది.

ఇంత చక్కటి ఎడ్జ్ కేస్ నాకు ఆరేళ్ళ ఉద్యోగంలో తగల్లేదు.

ఇక వంట. కొర్రమీను ఒంటి నిండా జిగురు ఉంటుంది. వాళ్ళమ్మ పొయ్యిలో బూడిద, రాళ్ళుప్పు వేసి బండ మీద రుద్ది రుద్ది ఆ జిగురు, పొలుసు పోగొట్టింది. నేను ఎముక తీసిన ఫిల్లెట్ కావాలన్నా. కత్తిపీట ముందు కూర్చుని, ఫోన్లో వీడియో పెట్టుకుని, ఒక చేపను పాడు చేశా. ఆమె పాపం చాలాసేపు చూసి, "నీకేం కావాలో చెప్పు నాయనా" అంది. నడుముముల్లుకి ఆనించి రెండు వైపులా కండ విడదీయాలి అని చెప్పా. ఐదు నిమిషాల్లో రెండు చేపలూ విడదీసింది. ఫిల్లెట్ అనే మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. తల, ముల్లు పారేస్తాననుకుని వాటిని చటుక్కున పక్కకి తీసి గిన్నెలో పెట్టేసింది.

పెనం మీద చేప అతుక్కోకుండా రావాలంటే కిటుకు ఒక్కటే, ముక్క పైన తడి ఉండకూడదు. తడి ఉంటే పెనం వేడి అంతా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. ముక్క ఉడుకుతుంది తప్ప కాలదు. దాదాపు 140 డిగ్రీలు దాటితేనే పైన ఆ ఎర్రటి పొర, ఆ వాసన మొదలవుతాయి. నీళ్ళున్నంతసేపు 100 దాటదు. అందుకని ముందు ఉప్పు, పసుపు మాత్రమే రాసి ఒక 20 నిమిషాలు వదిలెయ్యాలి. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిని గుడ్డతో పూర్తిగా అద్దెయ్యాలి. అప్పుడు కారం, ధనియాల పొడి, చెంచా బియ్యప్పిండి కలిపి పొడిపొడిగా చల్లాలి. అల్లం వెల్లుల్లి పేస్ట్ ముక్కకి పట్టించకండి. మనవాళ్ళందరూ పట్టిస్తారు, నేనూ పట్టించేవాణ్ణి. అది పెనం మీద ముందే మాడి చేదెక్కుతుంది. దాన్ని సాస్‌లో వేసుకోవచ్చు.

కారం విషయంలో ఇంకో హెచ్చరిక. ఖమ్మం మార్కెట్ అంటేనే తేజ మిర్చి. సన్నగా ఉంటుంది, ఘాటు మాత్రం మామూలుగా ఉండదు. వేరే రకం కారం రెండు చెంచాలు వేసే చోట ఇది ఒకటి చాలు. పైగా పెనం పొగలు కక్కుతుంటే తేజ కారం వేశామంటే ఇల్లంతా దగ్గే. ఆ రోజు అదే జరిగింది, తర్వాత చెప్తా.

గ్యాస్ స్టవ్ ఉంది కానీ, నాయనమ్మ బయట కట్టెల పొయ్యి వెలిగించమంది. పెద్ద ఇనప పెనం. నాన్‌స్టిక్ కాదని మొదట భయపడ్డా కానీ, అది ఎన్నేళ్ళుగానో నూనె తాగి నల్లగా, నున్నగా ఉంది. నా రూమ్‌లో ఉన్న రెండు వేల రూపాయల పెనం కన్నా నయం.

పక్క పొయ్యి మీద ఒరుగులు. గుప్పెడు ఒరుగులు గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానేస్తే ఉబ్బి మెత్తబడ్డాయి. వాటిని చేత్తో పిసికి, ఆ నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టా. నిమ్మకాయంత బెల్లం, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి, చిన్న అల్లం ముక్క, రెండు ఎండుమిర్చి, చిటికెడు మెంతిపొడి. ఒరుగుల్లో అప్పటికే ఉప్పు ఉంటుంది, చూసుకుని వెయ్యాలి. సన్నటి మంట మీద సగానికి మరగాలి, గరిటెకి అంటుకోవాలి. తాజా మామిడి సాస్‌లో ఉండే పండు వాసన ఇందులో లేదు. దానికి బదులు ఎండ వాసన, కొంచెం పొగ వాసన, లోతైన పులుపు. రుచి చూసి నేనే కాసేపు మాట్లాడలేదు.

చేపకి పులుపు ఎందుకు వేస్తామో ఎప్పుడైనా ఆలోచించారా? కేరళలో కుడంపులి, బెంగాల్లో పచ్చి మామిడి, ఫిలిప్పీన్స్‌లో చింతకాయ, ఏమీ లేకపోతే నిమ్మచెక్క. అందరూ ఏదో ఒక పులుపు వేస్తారు. చెరువు చేపల్లో, మంచినీటి చేపల్లో ఒక మట్టివాసన ఉంటుంది. దానికి కారణం జియోస్మిన్ అనే పదార్థం. తొలకరి వాన పడగానే నేల నుంచి వచ్చే వాసనలో ఉండేదీ ఇదే. వానలో అయితే మనకు ఇష్టం, చేపలో అయితే ముక్కు మూసుకుంటాం. పులుపు తగిలితే ఆ పదార్థం మారిపోతుంది, వాసన తగ్గిపోతుంది.

ఇదంతా మావాడికి పొయ్యి దగ్గర కూర్చుని క్లాసు పీకుతున్నా. వాసన అనే మాట దగ్గరికొచ్చేసరికి నోరు ఆగిపోయింది.

10 ఏళ్ళ కిందటి సంగతి. ఫస్టియర్, దసరా సెలవుల తర్వాత. వీడు ఇంటి నుంచి ఒక కవర్ తెచ్చాడు. పేపర్లో చుట్టిన చిన్న చిన్న ఎండు చేపలు. మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాడు. రెండో రోజుకి గది వాసన. ముగ్గురం రూమ్మేట్స్ మొహాలు చిట్లించాం, జోకులేశాం. వీడు నవ్వి కవర్ మీద ఇంకో కవర్ చుట్టాడు. మూడో రోజు నేను ఒక చీటీ మీద రూమ్ నంబర్ వేసి, బ్యాడ్ స్మెల్ అని రాసి, సంతకం లేకుండా వార్డెన్ ఆఫీసు బయట ఉన్న బాక్సులో పడేశా. సాయంత్రం వార్డెన్ వచ్చి, అందరి ముందు పెట్టె తెరిపించి, ఆ కవర్ వీడి చేత్తోనే మెస్ వెనక చెత్తకుండీలో వేయించాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళలో వీడు ఇంటి నుంచి తిండి తేవడం నేను చూడలేదు. కారప్పొడి కూడా తేలేదు. నా టేబుల్ మీద మా అమ్మ పెట్టిన ఆవకాయ సీసా మాత్రం ఏడాదంతా ఉండేది, మూత తీస్తే కారిడార్ చివరి దాకా వాసన. దాని మీద ఎవరూ ఏ చీటీ రాయలేదు. వీడు కూడా అందులోంచే వేసుకుని తినేవాడు.

ఈ పదేళ్ళలో చాలాసార్లు చెబుదామనుకున్నా. వీడి చెల్లి పెళ్ళి అప్పుడు, వరద అప్పుడు. వాళ్ళింటికి రాకుండా తప్పించుకున్నది కూడా బహుశా అందుకేనేమో. ఆ రోజు పెనం వేడెక్కుతుంటే, మంట వైపు చూస్తూ అనేశా.

"ఫస్టియర్‌లో ఆ ఎండు చేపల కంప్లైంట్ రాసింది నేనేరా."

వాడు పొయ్యిలో కట్టె లోపలికి తోశాడు. "తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"అదే రోజు. వార్డెన్ ఆ చీటీ నా చేతికే ఇచ్చాడు చదవమని. అప్పటికే నీ కెమిస్ట్రీ రికార్డు చూసి రెండు ఎక్స్‌పెరిమెంట్లు కాపీ కొట్టా. నీ చేతిరాత నాకు తెలియదా?"

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "మరి అడగలేదేంరా?"

"అడిగితే ఏం చేస్తావ్? మాట్లాడటం మానేస్తావ్. అప్పటికి ఆ హాస్టల్లో నాతో మాట్లాడేవాడివి నువ్వొక్కడివే." కాసేపాగి, గొంతు తగ్గించి అన్నాడు. "నాయనమ్మకి మాత్రం చెప్పకు. అవి తను ఎండబెట్టినవి. బాగున్నాయా, అందరూ తిన్నారా అని అప్పుడు అడిగింది. అందరూ తిన్నారని చెప్పా."

నేను సారీ చెప్పాలి. నోట్లో మాట ఉంది. అంతలో ఆ కంగారులో కారం పట్టించిన ముక్కలు పెనం మీద వేసేశా, అది అప్పటికే పొగలు కక్కుతోంది. తేజ కారం భగ్గుమంది. ఇద్దరం దగ్గుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ పొయ్యికి అటొకడు, ఇటొకడు పరిగెత్తాం. లోపల్నుంచి వాళ్ళమ్మ దగ్గు, అరుగు మీద నాయనమ్మ తిట్లు. కట్టెలు బయటికి లాగి, ముక్కులు తుడుచుకుంటూ వచ్చేసరికి వాడే అన్నాడు. "ముక్క తిప్పురా, మాడుతోంది." సారీ ఆ పొగలోనే ఎక్కడో చెప్పా. విన్నాడో లేదో.

మొదటి వాయి పోయింది. కుక్కకి వేశాం, అది కూడా ఆలోచించి తింది. రెండో వాయికి మంట తగ్గించి, పెనం మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా దొర్లినప్పుడు నూనె వేసి, చర్మం వైపు కిందికి పెట్టి, మొదటి పది సెకన్లు అట్లకాడతో నొక్కి పట్టా. లేకపోతే చర్మం ముడుచుకుంటుంది. తర్వాత ముట్టుకోకూడదు. బొటనవేలంత మందం ముక్కకి నాలుగు నిమిషాలు. తొందరపడి కదిపితే అతుక్కున్నది ఊడిరాదు. పొర కట్టాక దానంతట అదే వదులుతుంది. తిప్పి ఇంకో రెండు నిమిషాలు. పైన ఎర్రగా, లోపల తెల్లగా, చిదిమితే రేకులు రేకులుగా వచ్చింది.

పళ్ళెంలో సాస్ పోసి, దాని మీద ముక్క పెట్టా. పక్కన పోస్తే కరకర ఉంటుంది, మీద పోస్తే నాని మెత్తబడుతుంది. ఫొటో కూడా తీశా. నాయనమ్మ ముందు పెట్టి, మాస్టర్‌షెఫ్ జడ్జి ముందు నిలబడ్డట్టు నిలబడ్డా.

ఆమె ముక్క తుంచి, సాస్‌లో అద్ది, నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది. "చేప బాగుంది" అంది. నేను ఊపిరి పీల్చుకున్నా. "ఒరుగు బాగుంది" అంది. ఇంకా సంతోషం. తర్వాత పళ్ళెంలో అటూ ఇటూ చూసి, "మరి అన్నంలోకి ఏది?" అంది.

నిజమే. నాలుగేళ్ళుగా ఈ వంట చేస్తున్నా, అన్నంలోకి ఏంటని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. రూమ్‌లో బ్రెడ్డుతో తినేవాళ్ళం.

వాళ్ళమ్మ ఒక్క మాట కూడా అనకుండా మిగిలిన సాస్ గిన్నె తీసుకెళ్ళి, పక్కకి తీసి పెట్టిన చేప తలలు, ముళ్ళు అందులో వేసి, రెండు గ్లాసుల నీళ్ళు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కరివేపాకు వేసి పొయ్యి మీద పెట్టింది. పావుగంటలో పులుసు! అందరం అన్నంలో పులుసు పోసుకుని, పక్కన నా కాల్చిన ముక్క నంజుకుని తిన్నాం. పక్కింటి పిల్లలు కూడా వచ్చారు. మా అమ్మకి వీడియో కాల్ చేసి చూపిస్తే, "మామిడికాయ చేపల పులుసు కోసం అంత దూరం పోయావా, మనింట్లో చేస్తే ముట్టుకోవు కదరా" అంది. దానికీ నా దగ్గర సమాధానం లేదు.

తెల్లారి బయల్దేరేటప్పుడు మామిడికాయలు చేట కిందే ఉన్నాయి. వెనక్కి తీసుకెళ్తానంటే వాళ్ళమ్మ వద్దంది. గడ్డిలో పెట్టి మగ్గేస్తామని, పండుగ దాకా ఆగితే పండుగలో కలుపుతామని. నాయనమ్మ నా చేతిలో రెండు పొట్లాలు పెట్టింది. ఒకటి ఒరుగులు. రెండోది విప్పకుండానే తెలిసింది.

"మీ హాస్టల్లో పిల్లలకి ఇష్టం కదా" అంది. ఆమె లెక్కలో మేమింకా హాస్టల్లోనే ఉన్నాం.

మావాడు బైక్ స్టార్ట్ చేస్తూ అటు తిరిగిపోయాడు. నేను పొట్లం తీసుకుని, "అవును నాయనమ్మా, అందరికీ ఇష్టం" అన్నా.

బస్సులో బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. సారపాక దాటేసరికి వాసన మొదలైంది. పక్క సీట్లో ఒకావిడ రెండుసార్లు నా వైపు చూసింది. నేను బ్యాగ్ జిప్ సరిగ్గా వేద్దామని చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశా. ఇంకాసేపటికి ఆవిడే అడిగింది. "ఎండు చేపలా బాబూ? ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండీ. మావాళ్ళు ఇచ్చారు" అన్నా.

నిన్న రాత్రి మావాడి నుంచి మెసేజ్. ఊళ్ళో పెద్దలు కూర్చున్నారట, పండుగ వచ్చే శుక్రవారం. నా కాయల్లో నాలుగు కుళ్ళిపోయాయట, మిగతావి బాగా మగ్గాయట. శుక్రవారం మాకు రిలీజ్ ఉంది. అయినా లీవ్ పెట్టా. మేనేజర్ కాల్ చేసి, "శుక్రవారం ఏం పండుగ? హాలిడే లిస్ట్‌లో లేదే" అన్నాడు. ఊరిని బట్టి ఉంటుంది సర్ అన్నా. పోర్టల్లో కారణం దగ్గర 'మామిడి పండుగ' అని రాశా. ఇంకా అప్రూవ్ కాలేదు.